అక్క కిటికీకి ఆఖరి అతుకు

వీధి మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని ఇనుప పని చేసే మనిషిని అందరూ ఊచలాయన అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచే వాళ్ళు తగ్గిపోయి తగ్గిపోయి చివరికి అక్క ఒక్కతే మిగిలింది. ఆవిడ కూడా కోపం వస్తేనే పేరు పెట్టేది. మామూలప్పుడు "ఒరే తమ్ముడూ" అనేది.

అతనికి పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. కుర్రతనంలో పాత ఇనుప సామాన్ల కొట్లో కూలికి చేరాడు. విరిగిన గేట్లు, ఊడిపోయిన కుర్చీ కాళ్ళు, నలిగిన మంచాలు అక్కడికి గుట్టలుగా వచ్చేవి. వాటిని విడగొట్టడం అతని పని. ప్రతి దాన్నీ విరిగిన చోట చూసేవాడు. అతుకు పైపైన పట్టిందా, లోపలికి దిగిందా, మధ్యలో చిట్టెం, కాల్చినప్పుడు పైకి తేలే ఆ మడ్డి, ఇరుక్కుందా అని వేలితో తడిమేవాడు. అలా చూసి చూసి, ఏ అతుకు ఎందుకు విరుగుతుందో తెలుసుకున్నాక గానీ వెల్డింగ్ రాడ్డు చేతికి తీసుకోలేదు. తీసుకున్నాక అతని అతుకు విరిగిందని ఎవరూ వెనక్కి రాలేదు.

ఇనుము దగ్గర అతను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. చట్రంలో ఒక మూల కాలిస్తే ఆ మూల బాగానే ఉంటుంది, ఎదురు మూల లాక్కుపోతుంది. దాన్ని సరిచేద్దామని అక్కడ కాలిస్తే ఇంకో మూల లేస్తుంది. కొత్తవాళ్ళు ఇలా మూల మూలకీ తిరిగి చివరికి చట్రాన్ని చాపలా మెలి తిప్పేస్తారు. ముందు నాలుగు మూలలా చుక్క చుక్కగా అతుకు పెట్టాలి. తర్వాత ఒక మూల కొంచెం, దాని ఎదురు మూల కొంచెం. కన్ను ఒక్క మూల మీద కాదు, మొత్తం చట్రం మీద ఉండాలి.

గ్రిల్లు బిగించాక అతనిదొక పద్ధతి. లోపలి వైపు నిలబడి ఊచల్ని రెండు చేతులా పట్టుకునేవాడు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వదిలేసి వేలాడేవాడు. గ్రిల్లు కిర్రుమనకూడదు, గోడలో బోల్టు కదలకూడదు. అప్పుడు దిగి చేతులు తుడుచుకుని "మీదే ఇంక" అనేవాడు. పని గురించి అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవాడు కాదు. ఇంటివాళ్ళు కూడా అతను వేలాడితే గాని నమ్మేవారు కాదు.

ఆ వీధికి మొదట్లో గ్రిల్లులే లేవు. కిటికీలకి చెక్క రెక్కలుండేవి, పగలంతా తెరిచే ఉండేవి. ఈ కిటికీలోంచి ఆ కిటికీకి మాటలు నడిచేవి. వంటింట్లో ఉన్న మనిషి ఎదురింటి వంటింటి మనిషితో పోట్లాడి, రాజీపడి, మళ్ళీ పోట్లాడేంత దగ్గర.

ఒక మధ్యాహ్నం కింది అంతస్తు ఇంట్లో ఎవరో కిటికీలోంచి చెయ్యి పెట్టి ప్రెషర్ కుక్కరు, ఆరేసిన దుప్పటీ లాక్కుపోయారు. పోయినవి అవే. కానీ సాయంత్రానికి ఆ కుక్కరు వీధి చివరికి వెళ్ళేసరికి బీరువా అయింది, దొంగ ఒక్కడు కాస్తా ముఠా అయ్యాడు. ఆ ఇంటాయన గ్రిల్లు చేయించుకున్నాడు. ఊచలాయన బిగించి, వేలాడి, దిగాడు.

వారం తిరక్కుండా ఆ పై అంతస్తు ఆవిడ షెడ్డుకి వచ్చింది. "నువ్వు కింద బిగించావు చూడూ, దాని మీద కాలు పెట్టి ఎక్కితే సరిగ్గా మా కిటికీలోకే వస్తాడు దొంగ. వాడికి నిచ్చెన కట్టి ఇచ్చినట్టుంది!" అంది.

వెళ్ళి చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే. అడ్డ పట్టీలు మెట్లలా ఉన్నాయి. ఆవిడకీ బిగించాడు. దాంతో ఆ పైవాళ్ళకి మెట్టు తయారైంది. ఆ పైవాళ్ళకీ బిగించాడు. ఆ భవనం పూర్తయ్యాక, పక్క భవనం వాళ్ళకి వాళ్ళ ఇళ్ళు బోసిగా కనపడ్డాయి. పని మీద పని వచ్చింది. షెడ్డులో నిప్పురవ్వలు ఆగింది లేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర భార్యతో అన్నాడు, "వీధి పొడుగూతా నేను చేస్తున్నది ఒకటే నిచ్చెన అనిపిస్తోంది. మెట్టు మెట్టూ వేరే వేరే ఇంటివాళ్ళకి అమ్ముతున్నాను."

"అయితే ఏమంటారు? వద్దని పంపించేస్తారా?" అంది ఆవిడ. "మీరు కాకపోతే ఇంకొకడు చేస్తాడు. వాడి అతుకు ఊడుతుంది కూడా."

ఆవిడ మాటల్లో తప్పు పట్టడానికి అతనికి ఎప్పుడూ ఏమీ దొరకదు. అదే అతని బాధ.

చివరికి వీధిలో బోడి కిటికీలు రెండే మిగిలాయి. ఒకటి గడియారాలాయనది, ఇంకోటి అక్కది.

గడియారాలాయన పరుపుల కొట్టు పైన మొదటి అంతస్తులో ఒక్కడే ఉండేవాడు. ఒంటి కన్నుకి భూతద్దం పెట్టుకుని, చీమ కాలంత చక్రాల్ని పట్టకారుతో ఎత్తి పెట్టేవాడు. ఊచలాయనకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఒకరి పని ఒకరు చూస్తూ టీ తాగేవారు.

"నాకూ ఒకటి చెయ్యరా. తప్పదు" అన్నాడు ఒకరోజు గడియారాలాయన.

"మీకెందుకు మాస్టారూ? దొంగ వచ్చినా మీ ఇంట్లో టైమెంతో చూసుకుని వెళ్ళిపోతాడు."

"నా సామాను గురించి కాదురా నా భయం. ఇంట్లో ఉన్నవన్నీ జనాల గడియారాలు. వీధిలో అందరి టైమూ నా బల్ల మీదే ఉంది. పోతే నాచేత జైల్లో ఊచలు లెక్కపెట్టిస్తారు. అందుకే ఆ ఊచలేవో నువ్వే పెట్టెయ్యి, ఇంట్లో కూర్చునే లెక్కపెట్టుకుంటాను."

ఊచలాయన ఆ గ్రిల్లు మామూలు కంటే దగ్గర దగ్గరగా, మందమైన ఊచలతో చేశాడు. స్నేహితుడి ఇల్లు కదా అని అతుకులు రెండు వైపులా నింపాడు. బిగించాక వేలాడాడు. గడియారాలాయన కంటికి భూతద్దం పెట్టుకుని మరీ బోల్టుల దగ్గర వంగి చూశాడు.

"వెంట్రుకంత కూడా కదల్లేదురా."

"మీదే ఇంక" అన్నాడు ఊచలాయన.

ఇక అక్క కిటికీ. అక్క అతని కంటే చాలా పెద్దది. అమ్మ పోయిన దగ్గర్నుంచి బట్టలు కుట్టి అతన్ని పెంచింది. అతను మొదటిసారి వెల్డింగ్‌కి కూర్చున్నప్పుడు కట్టుకున్న దళసరి గుడ్డ అక్క కుట్టిందే. పిండిమర ఉన్న భవనంలో రెండో అంతస్తులో ఉంటుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగడం మానేసింది. అయినా ఆవిడకి వీధిలో తెలియనిది లేదు. కారణం ఆ కిటికీ. దాని పక్క మేకుకి తాడు కట్టిన బుట్ట ఒకటి వేలాడుతుండేది. కూరలబండి వస్తే బుట్ట కిందకి దిగేది. వీధిలో పిల్లల చిరిగిన బట్టలు బుట్టలో పైకి వెళ్ళి, కుట్టుపడి కిందకి వచ్చేవి. నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగి, అక్క కూరలవాడితో బేరమాడుతుంటే వీధికి కాలక్షేపం.

"మగాడివి కదా, తక్కెడ సరిగ్గా పట్టుకోలేవూ?"

"పైనుంచి మీకు తక్కెడ ఎలా కనపడిందండీ పెద్దమ్మా?"

"తక్కెడ కనపళ్ళేదు. నీ మొహం కనపడింది. చాలు."

గ్రిల్లు సంగతి ఎవరెత్తినా "నా దగ్గరేముందని? దొంగొస్తే వాడికి గుండీ కుట్టి పంపిస్తాను" అనేది. కానీ గడియారాలాయన కిటికీ కూడా మూసుకుపోయాక, ఒకరోజు తమ్ముణ్ణి పిలిపించింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"చెయ్యరా నాకూ."

"నీకెందుకక్కా?"

"వీధి మొత్తానికి తెరిచి ఉన్నది నా కిటికీ ఒక్కటే. దొంగకి ఇంకో దారేదిరా? మీరందరూ మూసుకుని వాణ్ణి నా మీదకి తోలారు."

అది కూడా నిజమే. మూల మూలకీ విడిగా కాల్చుకుంటూ పోయిన చట్రంలా, వీధి మొత్తం లాక్కుపోయి లాక్కుపోయి ఆ వంకరంతా అక్క కిటికీ దగ్గర తేలింది. అతను ఆ కిటికీకి గ్రిల్లు బిగించాడు. బుట్ట ఊచల మధ్య పట్టలేదు. అక్క దాన్ని మేకు నుంచి తీసి మంచం కింద పెట్టింది. కూరలవాడు కొన్నాళ్ళు కింద నిలబడి పైకి చూసి అరిచేవాడు. తర్వాత నిలబడ్డం మానేశాడు. పక్కింటి పిల్ల రోజూ ఏదో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది.

ఆ ఎండాకాలంలో పరుపుల కొట్టు అంటుకుంది.

పట్టపగలు. దూది, స్పాంజి, పాత గుడ్డ ముక్కలు. మంట కంటే ముందు పొగ లేచింది. మెట్ల దారి పొయ్యి గొట్టంలా అయిపోయింది. ఊచలాయన కటింగ్ మిషన్ చంకన పెట్టుకుని పరుగెత్తాడు. కానీ మంట చూడగానే ఎవరో తెలివిగా వీధి మొత్తానికి కరెంటు తీయించేశారు. మిషన్ పనికిరాని బరువై చేతిలో ఉండిపోయింది. చేతి రంపం తెప్పించుకుని, ఎవరిదో నిచ్చెన వేసుకుని ఎక్కాడు. నేలకీ ఆ కిటికీకీ మధ్య ఎత్తు ఎంతని? దూకితే కాలు విరిగేది, అంతే.

లోపలి నుంచి గడియారాలాయన ఊచలు పట్టుకుని గుంజుతున్నాడు. గుంజుతూ గుంజుతూ ఊచలాయన వంక చూశాడు.

"ఎక్కడా వదలదేంరా!" అన్నాడు.

ఊచలాయన రంపం ఆడించాడు. ఊచ మందం. అతుకు రెండు వైపులా నింపి ఉంది. ఒక్క ఊచ ఒక్క కొస తెగేలోపు అవతల ఊచలు పట్టుకున్న వేళ్ళు వదిలేశాయి. ఆ వేళ్ళు వదిలిన తర్వాత కూడా అతను చాలాసేపు కోశాడు. కింది నుంచి వచ్చి కాళ్ళు పట్టి దింపాల్సి వచ్చింది.

జనం అతని తప్పేం లేదన్నారు. నిజంగానే ఎవరి తప్పూ లేదు. పరుపులాయన పొట్టకూటి కోసం దూది పెట్టుకున్నాడు. కరెంటు తీయించినవాడు ఇంకా పదిమందిని కాపాడాననుకున్నాడు. గడియారాలాయన జనం సొమ్ము దాచాడు. తను పని శ్రద్ధగా చేశాడు. ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి చూస్తే ఎవరి మూల వాళ్ళది మట్టానికి సరిగ్గా ఉంది. అన్నీ కలిపి చూస్తే మధ్యలో ఒక మనిషి కాలిపోయి ఉన్నాడు. ఇది ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. చెప్పడం అతని విద్య కాదు. అందుకని తెలిసిన పనే చేశాడు.

ఇంటింటికీ తిరిగి గ్రిల్లులో మనిషి పట్టేంత చిన్న తలుపు కోసి పెట్టాడు. బయట నిచ్చెన మీదున్న మనిషికి అడ్డం రాకుండా అది లోపలికి తెరుచుకుంటుంది. లోపల గొళ్ళెం. ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు. భార్య ఒక్క మాట అనలేదు. మంట రోజు ఆవిడా కింద నిలబడి ఆ వేళ్ళు చూసింది. రెండో అంతస్తు దాకా అందే ఇనుప నిచ్చెన చేసి షెడ్డు బయట గోడకి ఆనించి పెట్టాడు. ఎవరికి అవసరమైనా పట్టుకెళ్ళొచ్చు.

మొట్టమొదటి తలుపు అక్క కిటికీకే పెట్టాడు. అక్క గొళ్ళెం తీసి చూసింది, వేసి చూసింది, మళ్ళీ తీసింది. మంచం కిందకి వంగి బుట్ట లాగింది. బుట్ట ఆ తలుపులోంచి పట్టింది. అది ఊగుతూ కిందకి దిగుతుంటే పిండిమర దగ్గర ఉన్నవాళ్ళు తలెత్తి చూసి కేకలేశారు. కూరలవాడు బండి వదిలేసి వచ్చాడు.

"బతికే ఉన్నారా పెద్దమ్మా!"

"నీ తక్కెడ సరిగ్గా నిలబడే దాకా పోనురా."

గడియారాలాయన పోయాక ఊచలాయనకి తిన్నది ఒంటికి పట్టింది ఆ ఒక్కరోజే.

అది నిలవలేదు. వానలు మొదలయ్యాక ఎవడో ఊచల మధ్యలోంచి వంచిన తీగ దూర్చి, గొళ్ళెం లాగి, ఒక ఇంట్లోకి దిగాడు. ఆ ఇల్లు పిండిమరావిడది. ఆవిడ వీధంతా వెంటపెట్టుకుని షెడ్డుకి వచ్చింది.

"ఏమయ్యా ఊచలాయనా, దొంగకి తలుపు పెట్టి, గొళ్ళెం పెట్టి, కింద నిచ్చెన కూడా పెట్టావు. ఇంక టీ ఒక్కటే తక్కువ. అదీ ఇచ్చి పంపవయ్యా!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయి ఆగిపోయాడు. నోట్లో నాలుక లేనివాడని పేరున్న మనిషి, ఆ రోజు మాట్లాడటానికి ప్రయత్నించాడు.

"అమ్మా, గొళ్ళెం మారుస్తాను, తీగకి అందకుండా పెడతాను. కానీ ఒక్క మాట. ఒక్కొక్కరం ఒక్కొక్క కిటికీ మూసుకుంటే ఇది తెగదు. పగలు కిటికీ రెక్కలు తెరిచి ఉంచుదాం. ఇదివరకటిలా ఒకళ్ళ ఇంటి మీద ఒకళ్ళం కన్నేసి ఉంచుదాం. మా అక్క కిటికీలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ కంట పడకుండా వీధిలోకి కాకి కూడా వచ్చేది కాదు. దొంగ ఊచలకి భయపడడు, చూసే మనిషికి భయపడతాడు."

"బాగానే ఉంది" అన్నాడు ఒకాయన. "ముందు నువ్వు మీ ఇంటి గ్రిల్లు తీసెయ్యి. అది చూసి మేమూ తీస్తాం."

ఊచలాయన భార్య వంక చూశాడు. ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. తలదించుకుంది. ఆవిడకీ భయమే.

"చూశావా?" అన్నాడు ఆ ఒకాయన. ఆ మాటలో ఎగతాళి లేదు. అలసట ఉంది.

ఆ వారమంతా చిన్న తలుపులకి తాళం కప్పలు పడ్డాయి. తాళంచెవి కిటికీ దగ్గర పెడితే దొంగకి అందుతుందని బీరువాలో పెట్టారు. బీరువా తాళంచెవి ఇంకెక్కడో పెట్టారు. ఒకరోజు అతను ఊరికే పరీక్షకని ఒక ఇంట్లో అడిగాడు, "నిప్పు అంటుకుందనుకోండి. తలుపు తియ్యండి చూద్దాం" అని. ఇంటాయన, ఆయన భార్య, పిల్లలు తలో గదిలోకి పరుగెత్తారు. టీ చల్లారిపోయే దాకా వెతికి, చివరికి పిల్లవాడి పలక సంచిలో దొరికిందని పకపకా నవ్వారు. అతను టీ తాగకుండా లేచాడు. వస్తూ వస్తూ నిచ్చెన వైపు చూస్తే, దానికి ఎవరో గొలుసు చుట్టి తాళం వేసి ఉంచారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేదు. తనే కోసెయ్యొచ్చు. కోస్తే మర్నాటికి ఇంకో గొలుసు వస్తుంది.

అక్క మాత్రం తాళం వెయ్యలేదు. ఆ ఒక్క కిటికీ తలుపు తెరుచుకుంటోందని, బుట్ట దిగుతోందని, అతను పొద్దున షెడ్డు తీసేటప్పుడు ఒకసారి అటు చూసుకునేవాడు. అది చూస్తేనే అతనికి చేతిలో రాడ్డు నిలిచేది.

వానలు తగ్గాక ఒకరోజు బుట్ట దిగలేదు. మర్నాడూ దిగలేదు. కబురొచ్చింది, "మిషన్ పట్టుకుని రమ్మంది మీ అక్క" అని.

సాయంత్రం, ఇంకా వెలుతురుండగా, చిన్న వెల్డింగ్ మిషన్ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. కింద పిండిమర తిరుగుతోంది. మరని తిప్పే పట్టా వేడెక్కిన వాసన మెట్ల దారి నిండా ఉంది. మోటారు తీగలు గోడకి వేలాడుతున్నాయి. ఒక చోట అతుకు మీద గుడ్డ చుట్టి ఉంది. ఆ వాసన పీల్చుకుంటూ ఎక్కడం అతనికి ఇప్పుడు అలవాటైపోయింది. ఎక్కిన ప్రతిసారీ ఆ గుడ్డ చుట్టిన చోట ఆగి చూసేవాడు.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. కిటికీ చెక్క రెక్కలు కూడా మూసేసి ఉన్నాయి.

"దాన్ని అతికించెయ్యరా."

"దేన్నక్కా?"

"ఆ చిన్న తలుపుని. చుట్టూతా. మళ్ళీ తెరుచుకోకుండా."

అతను మిషన్ కింద పెట్టాడు. "తాళం వేసుకో అక్కా. అందరూ వేసుకున్నారు."

"వేశాను. తీసేశాను. తాళం ఉన్నా తలుపు తలుపేగా? చప్పుడైతే లేచి తాళం లాగి చూస్తాను. మళ్ళీ పడుకుంటాను. మళ్ళీ లేస్తాను. మోకాళ్ళు పనిచెయ్యని దాన్ని, ఎన్నిసార్లని లేస్తానురా?"

"కింద పిండిమర ఉంది. ఆ తీగలు చూశావా ఎప్పుడైనా? ఒక్క మెట్ల దారి. నిప్పంటూ వస్తే..."

"నిప్పు వచ్చిన రోజున వస్తుంది. భయం రోజూ వస్తోందిరా."

అక్క మళ్ళీ తనే అంది, ఈసారి మెల్లగా, "ఇదివరకు చప్పుడైతే ఎదురింటి ఆవిడ కిటికీలోంచి 'ఏంటండీ అది' అనేది. 'పిల్లిలెండి' అనేదాన్ని. పడుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ అడగరు. అన్నీ మూసుంటాయి. పిల్లో, మనిషో నాకెవరు చెప్తారు?"

అతను గ్రిల్లు ముందు కూర్చున్నాడు. ముఖానికి అద్దం దించుకున్నాడు. అద్దం వెనక ఎవరికీ కనపడదు కాబట్టి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. చుట్టూతా అతుకు నింపకుండా, పైన ఒక చుక్క, కింద ఒక చుక్క, పక్కన ఒకటి, అంతే పెట్టాడు. లోపలికి దిగకుండా, పైపైన. నిచ్చెన మీది మనిషి భుజంతో ఒక్క తోపు తోస్తే ఊడిపోయేలా. పాత ఇనుము కొట్లో వేళ్ళతో తడిమి తడిమి నేర్చుకున్న దొంగ అతుకు. చిట్టెం కొట్టకుండా, దాని మీదే ఎర్ర రంగు దట్టంగా పూశాడు. చూడటానికి బాగానే ఉంది.

"అయిపోయిందక్కా."

అక్క మంచం మీద నుంచి కదల్లేదు. "వేలాడు" అంది.

"ఎందుకక్కా, నడుం పట్టేస్తుంది ఈ వయసులో."

"వీధిలో అందరి కిటికీలకీ వేలాడావు. నా దానికి నడుం పట్టేస్తుందా? వేలాడి చూపించరా. నువ్వు వేలాడితే నాకు నిద్ర పడుతుంది."

అతను ఆ చిన్న తలుపు ఊచలు పట్టుకున్నాడు. కాళ్ళు గోడకి ఆనించలేదు. అలా పట్టుకుని నిలబడిపోయాడు. అక్క అతని వీపునే చూస్తోంది. చిన్నప్పుడు దొంగతనంగా చక్కెర తిని వచ్చి ఇలాగే వీపు తిప్పి నిలబడేవాడు. అప్పుడూ ఆవిడకి అతని మొహం చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

"ఒరేయ్" అంది. ఆ వెంటే పేరు పెట్టి పిలిచింది. చాలా ఏళ్ళ తర్వాత అతను తన పేరు విన్నాడు. "నాకు నిప్పు తెలియక కాదురా. తెలిసే అడుగుతున్నాను. సరిగ్గా చెయ్యి."

రంగు తడి ఇంకా ఆరలేదు. గుడ్డతో తుడిచాడు. చుక్కల్ని ఉలితో ఒక్కో దెబ్బకి ఒక్కోటి ఊడగొట్టాడు, అంత తేలిగ్గా ఊడాయి. ఇనుము మెరిసే దాకా గీకాడు. కొత్త రాడ్డు తీశాడు. ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, కన్ను మొత్తం చట్రం మీద పెట్టి, చట్రం లాక్కుపోకుండా, నిదానంగా చుట్టూ నింపాడు. చిట్టెం కొట్టాడు. కింద అతుకు చేప పొలుసుల్లా వరసగా మెరిసింది. అతని చేతిలోంచి వచ్చిన మంచి అతుకుల్లో అదొకటి. ఆ సంగతి అతని చేతులకి తెలిసింది. ఆ చేతుల మీద అతనికి అసహ్యం వేసింది.

చల్లారాక ఊచలు పట్టుకున్నాడు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వదిలేశాడు. ఎక్కడైనా, కొంచెమైనా, వదులుతుందేమోనని ఆశపడుతూ వేలాడాడు. వెంట్రుకంత కూడా కదల్లేదు.

అతను దిగాడు. "మీదే ఇంక" అనే మాట నోట్లోనే ఆగిపోయింది.

"బాగుందిరా" అంది అక్క. ఊపిరి పీల్చుకుంది. మంచం పక్కనున్న బుట్ట, తాడు చుట్టబెట్టి అతని చేతికిచ్చింది. "ఇది పట్టుకుపో. నీ కొట్లో ఇనప ముక్కలేసుకోవడానికి పనికొస్తుంది."

బుట్టా, మిషనూ మోసుకుని మెట్లు దిగాడు. పట్టా వాసన అలాగే ఉంది. పిండిమరావిడ గుమ్మంలో నిలబడి చేతుల పిండి దులుపుకుంటోంది. పైకి, కిటికీ వైపు చూసింది.

"మీ అక్కది అతికించేశావటగా?"

"ఊఁ."

"వేలాడావా?"

"వేలాడాను."

"అయితే రేపొచ్చి మాది కూడా అతికించెయ్యి నాయనా" అంది. ఈసారి ఆవిడ గొంతులో ఎగతాళి లేదు.

అతను తలూపాడు. వీధి పొడుగునా మూసిన రెక్కల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. షెడ్డుకి వచ్చి బుట్ట దించి, దాని అడుగున, ఊడగొట్టిన మూడు చుక్కల్నీ జేబులోంచి తీసి వేశాడు. రేపటికి రాడ్లు సరిపోతాయో లేదో చూసుకున్నాడు.